ఇంట్లోనే డేకేర్ నడుపుతున్నాను, ట్యాక్స్‌లో ఏమేం తగ్గించుకోవచ్చు?

పిల్లలగూడు, డాలస్ దగ్గర
8 ఫిబ్రవరి 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయక తప్పలేదు.

విజయవాడలో ఆరేళ్లు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చదువు చెప్పాను. పెళ్లయి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద వచ్చాక నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. 2022లో ఈఏడీ (పని చేసుకునే పర్మిట్) చేతికి వచ్చింది. 2023 జనవరిలో మా ఇంట్లోనే డేకేర్ మొదలుపెట్టాను. టెక్సస్‌లో రిజిస్టర్డ్ చైల్డ్ కేర్ హోమ్‌గా నమోదు చేయించుకున్నాను. నలుగురు పిల్లలు వస్తారు, అందరూ మనవాళ్ల పిల్లలే. మా మూడేళ్ల బాబు కూడా వాళ్లతోనే ఉంటాడు. పొద్దున 7:30కి మొదటి పాప వస్తుంది, సాయంత్రం 5:30కి చివరి బాబు వెళ్తాడు.

నిరుడు ట్యాక్స్ చేసినాయన ఒకటే అడిగారు: "డేకేర్‌కి ప్రత్యేకంగా గది ఉందా?" లేదన్నాను. హాలు, వంటిల్లు, పిల్లలు పడుకునే గది, అన్నీ మేమూ వాడుకునేవే కదా. "అయితే పెద్దగా ఏమీ రాదు, సింపుల్ పద్ధతిలో పెట్టేస్తాను" అని ఐదొందల చిల్లర వేశారు. తిండి ఖర్చు సంగతి అడిగితే, డేకేర్ కిరాణా బిల్లులు విడిగా ఉన్నాయా అన్నారు. ఒకే బండిలో అందరికీ బియ్యం, పాలు, పెరుగు తెస్తాను, విడి బిల్లులు ఎక్కడినుంచి తేను? అది కూడా పోయింది. నా సంపాదన కలిశాక మా ఫెడరల్ ట్యాక్స్ దాదాపు 11,000 డాలర్లు పెరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కట్టాల్సింది కట్టడానికి నాకేం బాధ లేదు. కానీ ఇల్లంతా పిల్లలకే ఇచ్చేశాను, రోజంతా వాళ్లకే వండుతున్నాను. ఇవేవీ ఖర్చులు కావంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఇల్లు అద్దెది, 2,400 చదరపు అడుగులు, నెలకు 2,600 డాలర్లు. కరెంటు, గ్యాస్, నీళ్లు కలిపి ఏడాదికి 3,600, రెంటర్స్ ఇన్సూరెన్స్ 240. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


లెక్కలగంప, ఆస్టిన్
9 ఫిబ్రవరి 2025, ఉదయం 7:15

అమ్మా, మీ మనసు చెప్పిందే నిజం. పదేళ్లకు పైగా ట్యాక్స్ రిటర్నులు చేస్తున్నాను, ఇంటి డేకేర్ వాళ్లకు జరిగే నష్టాల్లో ఇదే పెద్దది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మామూలుగా ఇంట్లో ఆఫీసు చూపించాలంటే ఆ గదిని వ్యాపారానికి తప్ప మరి దేనికీ వాడకూడదు. డేకేర్‌కి ఆ షరతు లేదు. చట్టంలో సెక్షన్ 280ఏలోనే విడిగా మినహాయింపు ఇచ్చారు. పగలు పిల్లలు ఆడుకున్న హాల్లోనే రాత్రి మీరు కూర్చుని టీవీ చూసుకోవచ్చు, ఆ హాలు లెక్కలోకి వస్తుంది. కావాల్సినవి రెండే. ఆ చోటు రెగ్యులర్‌గా డేకేర్‌కి వాడాలి. రాష్ట్రం అడిగే లైసెన్సో రిజిస్ట్రేషనో మీకు ఉండాలి, లేదా దానికి అప్లై చేసి ఉండాలి, లేదా ఆ రాష్ట్రంలో మీకు అది అవసరం లేకపోవాలి. మీకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆ గొడవే లేదు.

లెక్క ఇలా కడతారు. మొదట చోటు: డేకేర్‌కి వాడే అడుగులను ఇంటి మొత్తం అడుగులతో భాగించాలి. తర్వాత టైమ్: డేకేర్ పని జరిగిన గంటలను ఏడాదిలోని మొత్తం గంటలతో భాగించాలి. ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చే శాతమే మీ ఇంటి ఖర్చుల్లో డేకేర్ వాటా. మామూలు ఏడాదికి 8,760 గంటలు. 2024 లీపు సంవత్సరం కాబట్టి 8,784.

మీ ఇంట్లో 1,800 అడుగులు పిల్లలకు వాడుతున్నారనుకుందాం. అది 75 శాతం. పిల్లలు ఉండేది రోజుకి 10 గంటలు. వాళ్లు రాకముందు వంట, వెళ్లాక ఇల్లు తుడవడం, బొమ్మలు కడగడం, రేపటి యాక్టివిటీలు సిద్ధం చేయడం కలిపి ఇంకో 2 గంటలు. 245 రోజులకు 2,940 గంటలు. శనివారాలు పెద్ద శుభ్రానికి 3 గంటల చొప్పున 48 వారాలు, 144. మొత్తం 3,084 గంటలు, అంటే 35.1 శాతం. రెండూ హెచ్చవేస్తే 26.3 శాతం. మీ అద్దె, కరెంటు, ఇన్సూరెన్స్ కలిపి 35,040. అందులో 26.3 శాతం దాదాపు 9,200 డాలర్లు.

ఇప్పుడు సింపుల్ పద్ధతి చూడండి. అడుగుకు 5 డాలర్లు, 300 అడుగులకు మించకూడదు, అంటే గరిష్ఠంగా 1,500. మీరు గదిని ప్రత్యేకంగా ఉంచలేదు కాబట్టి ఆ 1,500ని మళ్లీ టైమ్ శాతంతో తగ్గించాలి. 1,500లో 35.1 శాతం 527. మీకు నిరుడు వచ్చిన ఐదొందల చిల్లర ఇదే!

తొమ్మిది వేలు ఎక్కడ, ఐదొందలు ఎక్కడ? మీ ఆదాయం మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ (సొంత పని చేసుకునేవాళ్లు కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ ట్యాక్స్), దానిపైన మీ శ్లాబ్ 22 శాతం అనుకుంటే, ఈ తేడా ఒక్కదానికే రెండున్నర వేల డాలర్ల పైన ట్యాక్స్ తగ్గుతుంది. ఇది ఫారం 8829లో వేసి, అక్కడినుంచి సొంత వ్యాపారం లెక్క చూపించే షెడ్యూల్ సికి తీసుకెళ్తారు. ఆ ఫారం మొదటి భాగంలోనే డేకేర్ వాళ్లు గంటలు వేయడానికి విడిగా వరుసలు ఉంటాయి. మీ రిటర్ను చేసేవారు దాన్ని తెరవలేదంటే మనిషిని మార్చండి.


పెరుగన్నం, ఎడిసన్, న్యూజెర్సీ
9 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:50

చెల్లీ, నేను 11 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. పిల్లలు పడుకున్నారు, ఈ గంటలో రాసేస్తాను.

లెక్కలగంప గారు చెప్పినదానిలో ప్రాణం ఆ గంటల్లో ఉంది. ఇంటి అడుగులు మారవు, అద్దె మారదు. గంటలు మాత్రం రాసుకుంటేనే ఉంటాయి. మనం చేసే చాకిరీని మనమే లెక్కలో వేసుకోం. పొద్దున ఐదున్నరకు లేచి పప్పు పెట్టి, ఇడ్లీ వేసి, టేబుల్ తుడిచి, నాప్ దుప్పట్లు మడత పెట్టేసరికి మొదటి బెల్ మోగుతుంది. ఆ గంటన్నర ఎవరి పని? డేకేర్ పనే. సాయంత్రం తల్లిదండ్రులతో ఫోన్లు, ఫొటోలు పంపడం, ఖర్చులు రాసుకోవడం కూడా ఇంట్లోనే చేస్తాం కదా, అవీ గంటలే.

ఒక్క జాగ్రత్త. పిల్లలు ఉన్నప్పుడే వంట చేస్తే దాన్ని మళ్లీ విడిగా కలపకూడదు, ఒకే గంట రెండుసార్లు రాదు. వాళ్లకీ మీకూ కలిపి వండే రాత్రి వంటని మొత్తంగా వేయకండి. షాపుకి వెళ్లిన టైమ్ కూడా రాదు, ఎందుకంటే ఇది ఇంటి వాడకం లెక్క. ఆ షాపు దూరానికి మాత్రం మైలేజీ వస్తుంది, 2024కి మైలుకు 67 సెంట్లు. డేకేర్ కోసం వెళ్లిన రోజు తేదీ, చోటు, మైళ్లు రాసుకోండి.

నేను ఫ్రిజ్ పక్కన క్యాలెండర్ పెట్టుకున్నాను. రోజూ రెండు అంకెలు రాస్తాను: పని మొదలైన టైమ్, ముగిసిన టైమ్. అంతే. ఏడాది పొడవునా రాయలేకపోయినా కనీసం రెండు మూడు నెలలు పక్కాగా రాస్తే మీ దినచర్య ఏమిటో కాగితం మీద ఉంటుంది. ఐఆర్ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ శాఖ) అడిగిన రోజు "ఇంచుమించు ఇన్ని" అంటే నిలబడదు.

ఇక తిండి. విడి బిల్లులు లేవని వదిలేశారని చదివి నాకు కడుపు రగిలిపోయింది. బిల్లులు అక్కర్లేదమ్మా! ఇంటి డేకేర్ వాళ్లకు 2003 నుంచే స్టాండర్డ్ మీల్ రేట్లు ఉన్నాయి. 2024కి అలాస్కా, హవాయి తప్ప మిగతా రాష్ట్రాల్లో బ్రేక్‌ఫాస్ట్‌కి 1.65, లంచ్‌కో డిన్నర్‌కో 3.12, స్నాక్‌కి 0.93 డాలర్లు. ఒక్కో బిడ్డకు రోజుకి ఒక బ్రేక్‌ఫాస్ట్, ఒక లంచ్, ఒక డిన్నర్, మూడు స్నాక్‌ల దాకా లెక్క పెట్టుకోవచ్చు. మీరు పెట్టింది పెరుగన్నమైనా సరే, పాస్తా అయినా సరే.

కావాల్సింది బిడ్డ పేరు, వచ్చిన తేదీలు, గంటలు, ఏ పూట ఏం పెట్టారు. మీ బాబు తిండి ఇందులోకి రాదు, మీది కూడా రాదు. నలుగురు పిల్లలు, 240 రోజులు, రోజుకి ఒక బ్రేక్‌ఫాస్ట్, లంచ్, రెండు స్నాక్‌లు అనుకుంటే దాదాపు 6,365 డాలర్లు వస్తుంది. మన చేతి వంటకి అంత విలువ ఉంది.


పిల్లలగూడు
9 ఫిబ్రవరి 2025, రాత్రి 9:20

అక్కా, లెక్కలగంప గారూ, ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. మీ పోస్టులు మా ఆయనకు చదివి వినిపించాను.

హాజరు పట్టీ నా దగ్గర ఉంది, రాష్ట్రం వాళ్లు చూస్తారని మొదటి రోజునుంచీ రాస్తున్నాను. ఏం పెట్టానో రోజూ తల్లుల వాట్సాప్ గ్రూపులో పెడతాను, 2023 జనవరి నుంచీ అన్నీ ఉన్నాయి. అవి పనికొస్తాయా? నిరుటి రిటర్నును ఇప్పుడు సరిచేసుకునే దారి ఉందా?


లెక్కలగంప
10 ఫిబ్రవరి 2025, ఉదయం 6:55

హాజరు పట్టీ, వాట్సాప్‌లో రోజువారీ మెనూ రెండూ ఉన్నాయంటే మీ దగ్గర బంగారం ఉన్నట్టే. వాటిని పక్కపక్కన పెట్టి, నెలకో పేజీ చొప్పున పూటల లెక్క రాసుకోండి. గ్రూపు చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోన్ పోతే చరిత్ర మొత్తం పోతుంది.

నిరుటిది సగం దొరుకుతుంది, సగం దొరకదు. 2023కి తిండి ఖర్చు అసలు వేయలేదు కాబట్టి 1040-ఎక్స్ అనే సవరణ ఫారం వేసి సరిచేసుకోవచ్చు. రిటర్ను వేసిన రోజునుంచి సాధారణంగా మూడేళ్ల టైమ్ ఉంటుంది. 2023 రేట్లు వేరు, ఆ ఏడాది ఐఆర్ఎస్ పబ్లికేషన్ 587లో చూసి వేయండి. ఇంటి విషయంలో మాత్రం, ఒక ఏడాదికి సింపుల్ పద్ధతి ఎంచుకుని రిటర్ను వేశాక ఆ ఏడాదికి దాన్ని మార్చుకోవడం కుదరదు. 2023 ఇంటి ఖర్చు పోయినట్టే. 2024కి అసలు ఖర్చుల పద్ధతికి మారడానికి ఏ అడ్డూ లేదు.

అద్దె ఇల్లు కాబట్టి ఇంకో మాట. ఇంటి ఓనర్ అనుమతి రాతలో తీసుకోండి. రెంటర్స్ ఇన్సూరెన్స్ చాలామటుకు డేకేర్‌లో జరిగే ప్రమాదాలకు వర్తించదు. డేకేర్ లయబిలిటీ పాలసీ విడిగా తీసుకోండి, ఆ ప్రీమియం నూటికి నూరు శాతం ఖర్చే.


ఓక్‌చెట్టు, అట్లాంటా
10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 12:30

మా ఇంట్లో మా ఆవిడ నడుపుతోంది, ఐదేళ్లయింది. మాది సొంత ఇల్లు. మాకు ఒక స్నేహితుడు గట్టిగా చెప్పాడు: ఇంటిని వ్యాపారంలో చూపిస్తే అమ్మేటప్పుడు లాభం మీద ట్యాక్స్ పడుతుంది, డిప్రిసియేషన్ (ఇంటి అరుగుదలకు ఏటా చూపించే ఖర్చు) జోలికే పోవద్దు అని. అందుకే ఇంటి ఖర్చులు ఏమీ చూపించకుండా బొమ్మలు, డైపర్లు, ఇన్సూరెన్స్ మాత్రమే వేస్తున్నాం. అద్దె ఇల్లయితే సరేగానీ, సొంత ఇల్లున్నవాళ్లు ఆలోచించుకోవాలని నా అభిప్రాయం.


లెక్కలగంప
10 ఫిబ్రవరి 2025, రాత్రి 8:40

అన్నా, మీ స్నేహితుడు మంచికే చెప్పి ఉంటాడు. కానీ ఆ సలహా మీకు ఏటా నష్టం తెస్తోంది.

చట్టంలో డిప్రిసియేషన్‌కి ఒక మాట ఉంది: మీరు తీసుకున్నదీ, తీసుకోగలిగి ఉండీ వదిలేసినదీ రెండూ ఒకటే. ఇంటిని డేకేర్‌కి వాడి డిప్రిసియేషన్ చూపించకపోయినా, ఇల్లు అమ్మేరోజు అది తీసుకున్నట్టే లెక్క కడతారు. అంటే ఆ వాటా ట్యాక్స్ ఎలాగూ కట్టాలి. మీరు చేస్తున్నదల్లా ప్రయోజనాన్ని వదులుకుని ట్యాక్స్‌ని మాత్రం ఉంచుకోవడం.

అంకెలతో చూద్దాం. స్థలం విలువ తీసేశాక ఇంటి కట్టడం విలువ 3,20,000 డాలర్లు, డేకేర్ వాటా 26 శాతం అనుకోండి. 83,200ని 39 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి సుమారు 2,133. ఐదేళ్లకు 10,665. అమ్మేటప్పుడు లాభం వస్తే దీనిమీద పడే రేటు 25 శాతం దాటదు, అంటే 2,666 మించదు. ఈ ఐదేళ్లలో ఆ 10,665 మీద మీ ఆవిడ సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్, ఇన్‌కమ్ ట్యాక్స్ రెండూ తగ్గి ఉండేవి. పైగా ఇల్లు అమ్మితే భార్యాభర్తలకు దొరికే 5,00,000 లాభం మినహాయింపు డేకేర్ వల్ల పోదు. మీరు కాపురం ఉంటున్న ఇంట్లోనే డేకేర్ ఉంది కాబట్టి, డిప్రిసియేషన్ మేరకు తప్ప మిగతా లాభానికి అది అలాగే వర్తిస్తుంది.

డిప్రిసియేషన్ ఒక్కటే కాదు. హోమ్ లోన్ వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్, ఇంటి ఇన్సూరెన్స్, కరెంటు, ఇంటి మరమ్మతులు, వీటన్నిటిలో 26 శాతం వదిలేశారు. స్టాండర్డ్ డిడక్షన్ (విడి ఖర్చులు చూపించకుండా తీసుకునే స్థిరమైన తగ్గింపు) తీసుకునేవాళ్లకు వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్ విడిగా ఉపయోగపడవు కదా, డేకేర్ వాటా మాత్రం దానితో సంబంధం లేకుండా వస్తుంది. టెక్సస్ లాంటి చోట స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేకపోయినా ప్రాపర్టీ ట్యాక్స్ నడ్డి విరిచేస్తుంది, అక్కడివాళ్లకు ఇది చాలా పెద్ద ఊరట.

ఐదేళ్ల డిప్రిసియేషన్ వదిలేసినవాళ్లకు దాన్ని ఒకేసారి తెచ్చుకునే దారి ఉంది. ఫారం 3115 అంటారు. అది సొంతంగా చేయకండి, దానిమీద పని చేసిన సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి వెళ్లండి. ఆ ఫీజు దండగ కాదు.


ఓక్‌చెట్టు
10 ఫిబ్రవరి 2025, రాత్రి 11:05

ఇన్నాళ్లూ జాగ్రత్త పడుతున్నాం అనుకున్నాను. మా ఆవిడ పక్కనే కూర్చుని చదివింది. రేపే సీపీఏకి ఫోన్ చేస్తాను. థాంక్యూ అండి.


కొత్తనాన్న, చార్లెట్
11 ఫిబ్రవరి 2025, ఉదయం 10:10

నేను అటువైపు మనిషిని. మా పాపని ఒక తెలుగు ఆంటీ దగ్గర వదులుతాం. చాలా బాగా చూస్తారు, మా పాపకు పద్యాలు కూడా నేర్పారు. ట్యాక్స్ టైమ్‌లో ఆమె ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) అడిగితే ముఖం మార్చుకున్నారు. "మీకోసం తక్కువ తీసుకుంటున్నాను కదా, అది చూపించకండి" అన్నారు. ఆమెను ఇబ్బంది పెట్టాలని లేదు. కానీ డేకేర్ ఖర్చుకి ట్యాక్స్‌లో దొరికే క్రెడిట్ వదులుకోవడం మాకు కష్టం. ఏం చేయాలి?


పెరుగన్నం
11 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, ఆమె భయం నాకు తెలుసు. నేను మొదలుపెట్టిన ఏడాది నాకూ అదే భయం. ఎస్ఎస్ఎన్ పదిమందికి ఇవ్వడం ఎవరికైనా కంగారే. దానికి మందు ఈఐఎన్, అంటే వ్యాపారానికి ఇచ్చే ట్యాక్స్ నంబరు. ఐఆర్ఎస్ సైట్‌లో ఉచితంగా, పది నిమిషాల్లో వస్తుంది. పని మనుషుల్ని పెట్టుకోకపోయినా తీసుకోవచ్చు. నేను ఏటా జనవరిలో ప్రతి ఇంటికీ డబ్ల్యూ-10 ఫారం (నా పేరు, అడ్రస్, నంబరు ఉండే కాగితం) నింపి, ఆ ఏడాది తీసుకున్న మొత్తం రాసి ఇచ్చేస్తాను. అడిగించుకోను.

మీరు ఆమెకు మర్యాదగా ఈ సంగతి చెప్పండి. మీ ఆఫీసు డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏలో (ట్యాక్స్ పడకుండా జీతంలోంచి పక్కన పెట్టే డబ్బు) 2024 పరిమితి 5,000 పెట్టినా, ఒక బిడ్డకు 3,000, ఇద్దరు ఆపైన ఉంటే 6,000 ఖర్చు మీద క్రెడిట్ అడిగినా, ఫారం 2441లో చూసుకున్నవాళ్ల నంబరు వేయాలి. ఆమె ఇవ్వనే ఇవ్వకపోతే మీకు తెలిసిన పేరు, అడ్రస్ వేసి, అడిగినా ఇవ్వలేదని ఒక కాగితం జత చేసి వేయొచ్చు. కానీ అంతదాకా తెచ్చుకోవద్దు.

డేకేర్ నడిపే అక్కచెల్లెళ్లకు ఒక మాట. దాచిపెడితే లాభం అనుకుంటాం. నిజంగా చూపించి, ఇంటి ఖర్చు, తిండి ఖర్చు పద్ధతిగా తీసుకుంటే కట్టేది మనం భయపడినంత ఉండదు. పైగా మన పేరు మీద సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు పడతాయి. 2024లో 1,730 డాలర్ల నికర ఆదాయానికి ఒక క్రెడిట్, 6,920 ఉంటే ఆ ఏడాదికి నాలుగూ వచ్చేస్తాయి. నలభై క్రెడిట్లు అయితే రిటైర్మెంట్ పెన్షన్‌కి అర్హత. నాకు నిరుడు నలభై నిండాయి. ఆ స్టేట్‌మెంట్‌లో నా పేరు, నా సంపాదన ఏడాదివారీగా చూసుకున్నప్పుడు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఇరవై ఏళ్లు ఫలానా వారి భార్య అనే పిలిపించుకున్నాను.


ఎదురుచూపు, సియాటిల్
11 ఫిబ్రవరి 2025, రాత్రి 9:30

నాది హెచ్-4. ఈఏడీకి ఇంకా అర్హత రాలేదు, మా ఆయన ఐ-140 (గ్రీన్ కార్డు పిటిషన్) ప్రాసెస్‌లో ఉంది. తెలిసినవాళ్ల పాపని ఆరు నెలలుగా చూస్తున్నాను, నగదు ఇస్తారు. ఈ చర్చ చదివాక టెన్షన్ మొదలైంది. నేను కూడా షెడ్యూల్ సి వేయవచ్చా?


లెక్కలగంప
12 ఫిబ్రవరి 2025, ఉదయం 7:00

చెల్లీ, ఇది ట్యాక్స్ కన్నా పెద్ద విషయం. హెచ్-4 మీద ఈఏడీ లేకుండా డబ్బు తీసుకుని పిల్లల్ని చూడడం పర్మిషన్ లేని పని. ఇంట్లో చేసినా, నగదు తీసుకున్నా, తెలిసినవాళ్ల బిడ్డే అయినా అంతే. 2015 మే నుంచి హెచ్-4 ఈఏడీ ఉంది, అది చేతికి వచ్చాక ఉద్యోగమూ చేయొచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. అంతవరకు ఆపేయండి. ఇప్పటిదాకా వచ్చిన డబ్బుకి ట్యాక్స్ బాధ్యత ఉంటుంది, కానీ ఏం వేయాలో, ఎలా వేయాలో ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇలాంటి వేదికలో మీ వివరాలు ఇంకేమీ రాయకండి.


తుంగభద్ర, ఫీనిక్స్
12 ఫిబ్రవరి 2025, సాయంత్రం 6:15

కర్నూలు నుంచి మా అమ్మ ఆరు నెలలకు వచ్చింది. డేకేర్ పిల్లలకు కథలు చెబుతుంది, అన్నం తినిపిస్తుంది. అమ్మకు నెలకు ఇంత అని జీతంగా రాసుకుంటే ఖర్చులోకి వస్తుంది కదా? అలాగే మా పద్నాలుగేళ్ల అమ్మాయి స్కూలునుంచి వచ్చాక బొమ్మలు కడిగి సర్దుతుంది.


లెక్కలగంప
12 ఫిబ్రవరి 2025, రాత్రి 9:10

అమ్మగారి విషయంలో వద్దండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ పని చేయకూడదు. మీరు జీతం రాస్తే ఆమె పని చేసిందని మీ చేతులతో మీరే రాసి ఇచ్చినట్టు. మళ్లీ వీసాకి వెళ్లినప్పుడు ఆమెకే ఇబ్బంది. జీతం లేకపోయినా పిల్లల్ని చూసుకునే మనిషిగా ఆమె మీద ఆధారపడకండి, ఆమెను మనవలతో ఉండనివ్వండి.

అమ్మాయి ఇక్కడ పుట్టిన బిడ్డే అయితే ఆమెకు ఇవ్వొచ్చు. మీ డేకేర్ కంపెనీగా కాకుండా మీ ఒక్కరి పేరు మీదే ఉంటే, 18 లోపు సొంత పిల్లలకు ఇచ్చే జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ ట్యాక్సులు పడవు. కానీ నిజంగా పని చేసి ఉండాలి, బయటివాళ్లకు ఇచ్చేంతే ఇవ్వాలి, గంటలు రాసుకోవాలి, డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో వేయాలి, డబ్ల్యూ-2 (ఏడాది జీతం చూపించే ఫారం) ఇవ్వాలి. తన కంచం తను కడుక్కున్నదానికి జీతం రాదు.


పెరుగన్నం
13 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:40

ఇంకొన్ని గుర్తొచ్చాయి, పిల్లలు లేచేలోపు రాసేస్తాను.

డేకేర్‌కే కొన్నవి, అంటే నాప్ మంచాలు, చిన్న కుర్చీలు, క్రేయాన్లు, ఫస్ట్ ఎయిడ్ కిట్, అన్నీ పూర్తిగా ఖర్చే. ఇంటికీ డేకేర్‌కీ కలిపి వాడే టాయిలెట్ పేపర్, సబ్బు, బట్టలుతికే లిక్విడ్ లాంటివి ఆ టైమ్-చోటు శాతం మేరకు వస్తాయి. మీ బాబు ఆడుకునే పాత బొమ్మలు, మీరు ముందే కొన్న క్రిబ్, సోఫా, వాషింగ్ మెషిన్ లాంటివి డేకేర్ మొదలైన రోజున ఎంత విలువ చేస్తాయో రాసి ఫొటోలు తీసి పెట్టుకోండి. కొన్న ధర, ఆనాటి విలువ రెండిటిలో ఏది తక్కువైతే దానిమీద డిప్రిసియేషన్ వస్తుంది. ఇది దాదాపు అందరూ మర్చిపోతారు.

రాష్ట్రం అడిగే ట్రైనింగులు, సీపీఆర్ క్లాసు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫీజు కూడా ఖర్చులే.

నేను ఫెడరల్ ఫుడ్ ప్రోగ్రామ్‌లో ఉన్నాను, పిల్లల తిండికి కొంత డబ్బు వాళ్లు ఇస్తారు. చేరితే పేపర్ పని ఎక్కువ, కానీ పూటల లెక్క వాళ్ల కోసం ఎలాగూ రాస్తాం, ట్యాక్స్‌కీ అదే పనికొస్తుంది. ఆ వచ్చిన డబ్బుని ఆదాయంలో చూపించి, తిండి ఖర్చు మొత్తం తీసుకుంటాను. డబ్బు వస్తోంది కదా అని ఖర్చు వదిలేయకండి.


పిల్లలగూడు
15 మార్చి 2025, రాత్రి 10:15

నెల రోజులు పట్టింది, కానీ కూర్చుని మొత్తం చేశాను. మా ఆయన టేపు పట్టుకుని ఇల్లు కొలిచారు. మా పడకగది, దాని బాత్రూమ్, ఆయన ఆఫీసు గది తీసేస్తే 1,740 అడుగులు వచ్చింది, 72.5 శాతం. గంటలు హాజరు పట్టీ చూసి ఒక్కో రోజూ వేశాను. సెలవులు, ఇద్దరు పిల్లలు ఇండియా వెళ్లిన వారాలు, నాకు జ్వరం వచ్చి మూసేసిన ఐదు రోజులు తీసేశాక 3,010. ఇంటి వాటా 24.8 శాతం, 8,705 డాలర్లు అయింది.

తిండి: బ్రేక్‌ఫాస్ట్‌లు 790, లంచ్‌లు 905, స్నాక్‌లు 1,760. మొత్తం 5,763.90. వాట్సాప్‌లో ఒక్కో రోజూ వెనక్కి వెళ్లి చూస్తుంటే, మొదట్లో ముద్ద నోట్లో పెట్టనివ్వని పాప ఇప్పుడు పప్పన్నం అడిగి తింటోందని నేనే రాసుకున్న మెసేజ్ కనపడింది.

కొత్త సీపీఏ గారు ఫారం 8829 తెరిచి గంటల వరుస నాకే చూపించారు. 2023 తిండి ఖర్చుకి 1040-ఎక్స్ కూడా వేస్తున్నాం. నా 20 శాతం క్యూబీఐ డిడక్షన్ (సొంత వ్యాపారం ఆదాయం మీద తగ్గింపు) నిరుడు పాత ఆయన సరిగ్గానే తీసుకున్నారని ఈయన చెప్పారు, అదొక్కటి నయం.

ఒక సందేహం మిగిలింది. ఈ ఏడాదినుంచి మూడు నెలలకోసారి ట్యాక్స్ కట్టాలంటున్నారు. ఆ తేదీలు నేను మర్చిపోతానేమోనని భయం.


లెక్కలగంప
16 మార్చి 2025, ఉదయం 8:05

శభాష్ అమ్మా. నేను వేసిన ఊహ లెక్క కన్నా తక్కువ వచ్చినా మీది నిజం లెక్క. దాన్ని ఎవరు అడిగినా మీరు చూపించగలరు.

తేదీలు ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, మళ్లీ జనవరి 15. జూన్ 15 ఈసారి ఆదివారం కాబట్టి 16 దాకా ఉంది. మీరిద్దరూ కలిపి ఫైల్ చేస్తారు కాబట్టి ఇంకో సులువు ఉంది. మీ వారి ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలో ట్యాక్స్ ఎంత పట్టాలో చెప్పే ఫారం) మార్చి, ఆయన జీతంలో నెలకు కొంత ఎక్కువ పట్టుకోమనండి. జీతంలో పట్టిన ట్యాక్స్ ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టు లెక్క, కాబట్టి మీకు తేదీల గోల ఉండదు.


పిల్లలగూడు
16 మార్చి 2025, రాత్రి 9:50

ఆయన ఇప్పుడే ఆఫీసు సైట్‌లో డబ్ల్యూ-4 మార్చారు. పెరుగన్నం అక్కా, ఫ్రిజ్ పక్కన క్యాలెండర్ పెట్టాను. రేపటి గడిలో ఇప్పుడే రాశాను: పొద్దున 6:00, పప్పు నానబెట్టాలి.